నీటిపాలెం దారికి నకలు

మృగశిర కార్తె, ఏడో రోజు

ఈ పుస్తకం రాయమన్నది పాలెం పంచాయితీ. ఇంటికొకటి చొప్పున ఇచ్చారు. పోయిన వరదల్లో దాసరి వాళ్లింటి కంప్యూటర్ ఆగిపోయి, ఎనిమిదేళ్ల పీతల పెంపకం లెక్కలు దానితోపాటే పోయాయి. ఏ మడిలో ఏ రకం వేశారో, ఏ నీళ్లకు ఏవి చచ్చాయో ఒక్కటీ మిగల్లేదు. వాళ్లు మళ్లీ మొదటి మడి నుంచి నేర్చుకుంటున్నారు. అందుకని వరదలు వచ్చేలోపు ప్రతి ఇల్లూ లెక్కలకు నకలు తీసి దాచే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకోవాలి. ఏది ఎందుకు ఎంచుకున్నామో, అది ఎలా పనిచేస్తోందో ఇందులో చేత్తో రాయాలి. కంప్యూటర్ పోయినప్పుడు దాని సంగతి చెప్పడానికి కాగితమైనా మిగలాలి కదా.

నా పేరు నూకరత్నం. నీటిపాలెంలో పడవలకు దారి చూసేదాన్ని. మావి నూట నలభై ఇళ్లు, అన్నీ స్తంభాల మీదే. కింద మూడు ఊళ్లు మునిగి ఉన్నాయి. డాబాలు, కొబ్బరి మొదళ్లు, ఒక రైసుమిల్లు, రెండు నీళ్ల ట్యాంకులు. గట్టు మీదున్న ఆసుపత్రికి వెళ్లే పడవ వీటి మధ్య నుంచే పోవాలి. పైనుంచి దారి చెప్పే ఉపగ్రహాలు ఆగిపోయి పద్నాలుగేళ్లయింది. ఇప్పుడు దారి చెప్పేది నేనూ మా ఇంటి కంప్యూటరూ.

తెల్లవారగానే చిన్న పడవేసుకుని వెళ్లి, అరవై చోట్ల సీసపు గుండు కట్టిన తాడు వదిలి లోతు చూస్తాను. ఇంటికొచ్చి గంజి తాగుతూ ఆ అంకెలు కంప్యూటర్‌కు చెబుతాను. అది పంతొమ్మిదేళ్ల లోతులు, ఆటుపోట్లు, వరదలు అన్నీ ముందు పెట్టుకుని, బురద ఎటు జరిగిందో లెక్కేసి ఆ రోజుకు దారి గీస్తుంది. దాన్నిబట్టి వెళ్లి ఎర్రజెండాల తెప్పలు జరుపుతాను. ఈ పంతొమ్మిదేళ్లలో నా దారిన పోయిన పడవ ఒక్కటీ మునగలేదు. నాలుగుసార్లు అడుగు గీసుకుంది. అందులో మూడు మా ఆయన కొర్లయ్య గీసినవే. ఆయన ఆసుపత్రి పడవ నడుపుతాడు. నా జెండాల కంటే తన కళ్లనే ఎక్కువ నమ్ముతాడు.

పాలెంలో కంప్యూటర్లు బాగుచేసేది బడిలో లెక్కలు చెప్పే జెకర్యా మాస్టారు. ఆయన ఇవాళ మూడు సాఫ్ట్‌వేర్లు బల్ల మీద పెట్టి ఒక్కోదాని గుణం చెప్పారు. ఒకటి ‘అద్దం’. మొదటి డిస్క్‌లో ఏం రాస్తే అదే క్షణంలో రెండో డిస్క్‌లోనూ రాస్తుంది. రెండోది ‘గాదె’. వారానికోసారి కంప్యూటర్ మొత్తాన్ని ఒకే మూటగా కట్టి దాస్తుంది. మూడోది ‘దొంతర’. ఏ రోజు మారింది ఆ రోజు విడిగా, కుండ మీద కుండలా పేర్చుకుంటూ పోతుంది. చూడ్డానికి దాని తెర అంతా గీతలూ అంకెలే.

నేను క్షణం ఆలోచించకుండా అద్దం అన్నాను. మాస్టారు కాదనలేదు. “దేన్లోనైనా దాచొచ్చు రత్నమ్మా. తిరిగి తీసి చూసుకున్నాక ఎంచుకుంటే బాగుంటుంది” అని మాత్రం అన్నారు. పంతొమ్మిదేళ్లుగా నీళ్ల కింద ఏముందో చెబుతున్నదాన్ని, డబ్బాలో ఏముందో నాకు తెలీదా అనుకున్నాను.

మృగశిర కార్తె, పదమూడో రోజు

అద్దం పెట్టించాను. కంప్యూటర్ పక్కనే రెండో డిస్క్, దాని మీద పచ్చలైటు. నేను అంకె చెప్పగానే రెండు లైట్లూ ఒకేసారి మెరుస్తాయి. చూస్తే ముచ్చటేస్తుంది.

పొద్దున పని అయ్యాక ప్లగ్గుల మీద పేరుకున్న ఉప్పు గీకి తుడుస్తుంటే ఇరుగుపొరుగు చూడ్డానికి వచ్చారు. దారి చూసే మనిషే అద్దం పెట్టించుకుంటే మనకింకేం కావాలన్నారట. నాలుగు రోజుల్లో తొంభై ఇళ్లు అదే అడిగాయి. కొర్లయ్య పడవ కడుతూ, నువ్వు దగ్గితే పాలెమంతా దగ్గేలా ఉందే అన్నాడు. నిజం రాయాలంటే, ఆ మాట నాకు నచ్చింది.

ఆరుద్ర కార్తె, మూడో రోజు

రైసుమిల్లు దగ్గర కంప్యూటర్ నాలుగు బారలు అంది. నా తాడు రెండున్నర దగ్గరే ఆగింది. రెండు చేతులూ బారజాపితే ఎంతో బార అంత. నా చేతులు పొరబడవు. అయినా మళ్లీ వేశాను. రెండున్నరే.

బురద చేరి ఉంటుందని కొత్త అంకె చెప్పాను. రెండు లైట్లూ మెరిశాయి.

ఆరుద్ర కార్తె, తొమ్మిదో రోజు

చిన్న ట్యాంకు కప్పు మీద లోతు ఒక్క బార. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏడు అక్కడ దిగి కాలు కోసుకున్నాను, మచ్చ ఇప్పటికీ ఉంది. కాంక్రీటు కప్పు కిందికి పోదు. కంప్యూటర్ మాత్రం ఆరు బారలంటోంది. దాని మీదుగానే ఇవాళ్టి దారి గీసింది.

జెండా జరపకుండా తిన్నగా బడికి వెళ్లాను. మాస్టారు వచ్చి రెండు గంటలు కూర్చుని చూశారు. నా మొదటి డిస్క్ ముసలిదైపోయిందట. ఆగిపోవడం లేదు, అరవడం లేదు, లోపల అక్కడొక అంకె ఇక్కడొక అంకె మారిపోతున్నాయి. ఒకటి ఆరవుతోంది, రెండు ఏడవుతోంది.

అద్దంలో మంచి నకలు ఉంటుందిగా అన్నాను. ఆయన రెండో డిస్క్ తెరిచి చూపించారు. అందులోనూ ఆరే.

“ముఖం మీద మరకుంటే అద్దంలోనూ మరకే కదమ్మా” అన్నారు.

నాలుగు లక్షల పది వేల లోతులున్నాయి అందులో. ఎన్ని చెడ్డాయో తెలీదు, ఏవి చెడ్డాయో అసలే తెలీదు. వరద నీళ్లకు ఇంకా మూడు వారాల గడువైనా లేదు. ఇంటికొచ్చి ఆ పచ్చలైటు మీద గుడ్డ కప్పేశాను. కొర్లయ్య ఏమైందని అడిగితే చెప్పాను. ఆయన ఎగతాళి చేయలేదు. దాంతో ఇంకా భయమేసింది.

ఆరుద్ర కార్తె, పదో రోజు

పంచాయితీకి వెళ్లాను. వెళ్లేముందు రెండుసార్లు సగం దారిలోంచి తిరిగొచ్చాను. ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని.

పంచాయితీ పెద్ద గంగాభవాని గారు అంతా విన్నారు. అందరిళ్లలోనూ ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటే ఒకరి కంప్యూటర్ ఇంకొకరికి అక్కరకొస్తుందని ఆమె ఆశ. అది తప్పు ఆలోచన కాదు.

“నిన్ను చూసి తొంభై ఇళ్లు పెట్టించుకున్నాయి నూకరత్నం” అన్నారు.

“అందుకే నేనే వచ్చాను పెద్దమ్మా. ఇంకొకరు చెబితే ఎవరూ నమ్మరు.”

 ఆమె నిర్ణయం చెప్పారు. నా లెక్కలు సరయ్యేదాకా ఆసుపత్రి పడవ లోపలి దారిన పోకూడదు. బయట సముద్రం చుట్టి పోవాలి. గంటన్నర ప్రయాణం ఐదు గంటలవుతుంది. వరద వస్తే ఆ దారీ ఉండదు. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలో తేల్చి చెప్పే పని కూడా నాకే అప్పగించారు. శిక్షగా ఇచ్చారో, నమ్మకంతో ఇచ్చారో అడగలేదు.

పునర్వసు కార్తె, రెండో రోజు

మాస్టారి దగ్గర కొత్త డిస్క్ ఒకటి ఉంటే తీసుకుని ముసలిదాని చోట పెట్టాం. ఈసారి ముందు పరీక్ష, తర్వాత ఎంపిక. పరీక్ష నేనే పెట్టాను. వంద లోతులు కాగితం మీద రాసుకుని కంప్యూటర్‌కు ఇచ్చాను. మూడు రోజులు కొత్తవి చేరుస్తూ పోయాను. నాలుగో రోజు మాస్టారిని నాకు చెప్పకుండా లోపల ఒక్క అంకె మార్చమన్నాను. ఆ చెడ్డది ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుందో, నిన్నటి మంచిది ఏది తిరిగి ఇస్తుందో చూడాలి.

గాదె పట్టుకోలేదు. అంకె మార్చకముందు కట్టిన మూట మాత్రం చక్కగా ఉంది. కానీ దాన్ని విప్పడానికి పదకొండు గంటలు పట్టింది, పైగా మా ఇంటి కంప్యూటర్‌లాంటిదే ఇంకొకటి ఉంటేనే విప్పుతుందట. ఒక్క రోజుది కావాలన్నా మొత్తం విప్పాల్సిందే. పీతల లెక్కలకైతే ఫర్వాలేదేమో. నాకు పనికిరాదు.

దొంతర మర్నాడు పొద్దున్నే ఎర్రటి గీత ఒకటి చూపించింది. ప్రతి రోజు అంకెలకూ అది ఒక ముద్ర వేసుకుంటుంది. రోజూ తెల్లవారుజామున ముద్రలన్నీ సరిచూసి, నేను ముట్టకుండా ఏది మారినా చెబుతుంది. డెబ్బై మూడో లోతు మారిందంది. మాస్టారు నవ్వారు. మార్చింది అదే.

పునర్వసు కార్తె, ఆరో రోజు

నిన్నంతా పాడు రోజు. దొంతరలో దాచినదాన్ని బడిలో ఉన్న పాత కంప్యూటర్ మీదికి తిరిగి తీద్దామని కూర్చున్నాం. మా ఇల్లే పోతే ఎలా అన్నది నా అనుమానం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క అంకె రాలేదు. నకలు డిస్క్ నిక్షేపంగా ఉంది, బడి కంప్యూటర్‌కు దాన్ని చదవడం రాదు.

నాకు ఏడుపొచ్చింది. మూడూ మూడే, ఏదీ మంచిది కాదు అన్నాను. మాస్టారు మాత్రం ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నారు. ఇవాళ తెలిసింది కాబట్టి బతికిపోయామన్నారు. రాత్రి ఆయన దొంతరతో వచ్చిన సూచనలన్నీ చదివారట. కంప్యూటర్‌కు గుచ్చే చిన్న పుల్ల డిస్క్ ఒకటి ముందే తయారుచేసి ఉంచుకోవాలి, కంప్యూటర్ దాంతో మొదలైతే నకలును చదవగలుగుతుంది. మా ఇంటి కంప్యూటర్ బతికుండగానే అది చేయాలి, పోయాక చేయలేం.

ఇవాళ అది చేశాం. వంద లోతులూ బడి తెర మీదికి వచ్చాయి. కాగితం పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాను. వందకు వంద.

దొంతర ఎంచుకున్నాను. అది నిదానం. తెర అందంగా ఉండదు. నకలు తెరవడానికి పెట్టుకున్న తాళం మాట మరిచిపోతే మరి దారే లేదు. అయినా ఎంచుకున్నాను. ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు. నకళ్లు మూడు: ఒకటి మా ఇంట్లో, ఒకటి బడిలో, ఒకటి గంగాభవాని గారింట్లో.

పునర్వసు కార్తె, పద్నాలుగో రోజు

దాచే చోటు దొరికింది. దాచడానికి మంచి లెక్కలు కావాలిగా.

లోపలి దారి పొడుగునా తొమ్మిది వందల పన్నెండు చోట్ల మళ్లీ లోతు చూశాను. రోజుకు అరవై చాలవని తోడు పిలిచాను. మంత్రసాని మరిడమ్మ వదిన, నాతోపాటు చిన్నప్పుడు ఈతలు కొట్టిన మనిషి, తెడ్డు పట్టింది. కొర్లయ్య బయటి దారిన పోయొచ్చిన రోజుల్లో కూడా ఒళ్లు నొప్పులనకుండా రెండో తాడు పట్టాడు. వేళ్ల సందుల్లో తాడు కోసి, ఉప్పునీళ్లు తగిలి మంట. ఆరో రోజుకు పక్కిళ్ల ఆడవాళ్లు మూడు పడవల్లో వచ్చారు. నేను రమ్మనలేదు.

ఇవాళ ఆఖరిది చూశాం. ఈ కొత్త లోతులతో పోల్చి, పాతవాటిలో పొసగనివి ఏవో కంప్యూటరే తేల్చింది. చెడ్డవి ముప్పై వేల చిల్లర. వాటిని కొట్టేశాం. మిగిలిన మూడు లక్షల డెబ్బై వేలకు పైగా నిలబడ్డాయి. నా పంతొమ్మిదేళ్లు దాదాపుగా నాకు మిగిలాయి. సరైనవాటిని మూడు నకళ్లలోకీ ఎక్కించాం. మరిడమ్మ వదిన నా చేతులకు కొబ్బరినూనె రాస్తూ, ఇంత బురద గురించి ఇంత గర్వపడే మనిషిని నేనెక్కడా చూడలేదంది.

పంచాయితీ లోపలి దారి తెరిచింది.

పుష్యమి కార్తె, పదో రోజు

ఇది మొన్న జరిగింది. నిన్న రాయడానికి చేతులు ఆడలేదు.

వరద మూడు రోజులు ఆగకుండా వచ్చింది. జెండా తెప్పలన్నీ కొట్టుకుపోయాయి. నాలుగో రోజు పొద్దున వాన తగ్గింది. నేను పడవ తీద్దామనుకుంటుండగానే ఎక్కణ్నుంచో కొట్టుకొచ్చిన తాటిదుంగ మా ఇంటి స్తంభానికి తగిలింది. ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. కంప్యూటరూ, దాని కిందున్న నకలు డిస్కూ అలమరతో సహా నీళ్లలోకి పోయాయి. నేను తలుపు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

అప్పుడే మరిడమ్మ వదిన పడవలో వచ్చింది. మూడో వరుసలో ఉండే పైడితల్లికి నొప్పులొస్తున్నాయి, బిడ్డ అడ్డం తిరిగింది. ఇది తన చేతుల్లో లేదు, మధ్యాహ్నంలోపు ఆసుపత్రిలో ఉండాలంది. బయట సముద్రం ఆ రోజు పడవను పైకెత్తి విసిరేసేలా ఉంది. లోపలి దారిలో మూడు రోజుల వరద బురదను ఎటు తోసిందో ఎవరికీ తెలీదు. తెలిసిన ఒక్క పెట్టె మా ఇంటి కింద మునిగి ఉంది.

బడికి వెళ్లాం. అక్కడి నకలు, అక్కడి పుల్ల డిస్క్, అక్కడి పాత కంప్యూటర్. మాస్టారు మొదలుపెట్టారు. మూడు రోజులు ఎండ లేక బడి బ్యాటరీ సగమే ఉంది, పని పూర్తయ్యేదాకా రాదు. ఆ మాట ఎవరు బయట చెప్పారో ఏమో, పావుగంటలో తొమ్మిది ఇళ్ల వాళ్లు తమ బ్యాటరీలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. ఆ ఇళ్లలో ఆ రాత్రి దీపాల్లేవు.

రెండు గంటల పది నిమిషాలు పట్టింది. నా బతుకులో అంత పొడుగు కాలం లేదు. పైడితల్లిని పడవలోకి ఎక్కించి రేవులో ఉంచారు. తెర మీద అంకెలు దొంతర్లు దొంతర్లుగా నిండుతూ వచ్చాయి. ఆఖర్న ఒక్క వాక్యం వచ్చింది: ముద్రలన్నీ సరిపోయాయి, తప్పిపోయినవి ఏమీ లేవు.

నమ్మలేదు నేను. రైసుమిల్లు అడిగాను: రెండున్నర. చిన్న ట్యాంకు: ఒకటి. నేను చేత్తో చూసిన ఇంకో పది అడిగాను. అన్నీ నా తాడు చెప్పినవే. అప్పుడు రేవు దగ్గరి కొలకర్ర మీద నీటి మట్టం చూసొచ్చి చెప్పాను. కంప్యూటర్ దారి గీసింది. రైసుమిల్లుకు తూర్పు పక్కన బురద దిబ్బ లేచి ఉంటుందని, పడమర నుంచి పొమ్మని గీసింది. ఆ పక్క నుంచి పడవ ఎప్పుడూ పోలేదు.

దాన్ని కాగితం మీద ఎక్కించుకుని పడవ దగ్గరికి వెళ్లాను. కొర్లయ్య కాగితం చూశాడు, నీళ్లు చూశాడు, నన్ను చూశాడు.

“పడమర నుంచా?”

“పడమర నుంచే.”

“నీ కంప్యూటర్ నీళ్లలో ఉంది రత్నా.”

“లెక్కలు నీళ్లలో లేవు. నేను ముందు కూర్చుంటాను, పద.”

ఆయన పడవ కట్టు విప్పాడు. నేను పడవ ముక్కు మీద కూర్చుని తాడు వదులుతూ పోయాను. నేను అంకె అరవడం, ఆయన కాగితం మీది అంకె చదవడం. మూడంటే మూడు. రెండుంబావంటే రెండుంబావు. రైసుమిల్లు దగ్గర తూర్పున నీళ్లు పచ్చగా, పైపైన సుడి తిరుగుతూ కనిపించాయి. దిబ్బ అక్కడే ఉంది. మామూలు దారిన పోయి ఉంటే అందులో కూరుకుపోయేవాళ్లం. పడమర పక్కన రెండు బారల కంటే జానెడు తక్కువ దగ్గర తాడు ఆగింది. కాగితం మీద రెండు. పంతొమ్మిదేళ్ల లెక్కల్లో తేడా ఒక్క జానెడు.

వెనక పైడితల్లి మూలుగు ఆగినప్పుడల్లా నా చెయ్యి ఆగేది. మరిడమ్మ వదిన, నువ్వు నీ పని చూడు, ఇక్కడ నేనున్నానంది. గంటా నలభై నిమిషాలకు గట్టు చేరాం. మెట్ల మీద మోసుకుపోయారు. మధ్యాహ్నం రెండింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

కొర్లయ్య పడవలో కూర్చుని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. ఇకపై పని లేదుగా, పారెయ్యి అన్నాను. ఇవ్వలేదు.

ఆశ్లేష కార్తె, ఐదో రోజు

ఇల్లు నిలబెట్టారు. కొత్త కంప్యూటర్ వచ్చేదాకా బడిలోనే పని. పాలెంలో ఇప్పటికి నూట పన్నెండు ఇళ్లు దొంతరకు మారాయి. గాదె చాలనుకున్న ఇళ్లున్నాయి, వాళ్లూ ఒకసారి విప్పి చూసుకున్నాకే ఉంచుకున్నారు. గంగాభవాని గారు పంచాయితీ పుస్తకంలో నా పొరపాటునూ రాయించారు, నా పనినీ రాయించారు. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. అలాగే ఉండనివ్వమన్నాను.

ఆసుపత్రి డాక్టరమ్మ మా దారి పటం ఒక నకలు కావాలని కబురు చేసింది. కింద తయారుచేసినవారి పేరు రాయాలట. నీటిపాలెం అని రాయమని మాస్టారితో అందామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే కొర్లయ్య నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, అక్షరాలు సరిగా పడ్డాయో లేదో మెడ చాచి మరీ చూశాడు.

ఇవాళ పొద్దున ఉత్తరం వైపు పాలేల నుంచి ముగ్గురు దారి చూసేవాళ్లు పని నేర్చుకోవడానికి వచ్చారు. ఇద్దరు నాకంటే పెద్దవాళ్లు. తమ కంప్యూటర్లు గోనెల్లో చుట్టి తెచ్చుకున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెబితే పెట్టించుకుని పోతామన్నారు. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. దొంతర పెట్టించాను, మూడు నకళ్లు తీయించాను, పుల్ల డిస్కులు చేయించాను. ఏళ్ల తరబడి కొలిచిన లోతులన్నీ భద్రంగా ఉన్నాయని వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. ఇక బయల్దేరతామని లేచారు.

“ఇంకా పాఠం మొదలవలేదు. ఇప్పుడు మీ కంప్యూటర్లలో ఉన్నదంతా చెరిపేయండి” అన్నాను.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన మీట మీదికి చెయ్యి తెచ్చి నొక్కకుండా ఆపేశాడు. నేను కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకుని నొక్కాడు.